ఏం పని జేస్తవని అడగలే

మా బాపు రోగమేందో అందరికంటే ముందు మా బాపే చెప్పిండు. "పిప్పి కుప్ప ఎక్కిన దినం రాత్రి జరమొస్తది సారూ, ఎక్కని దినం రాదు" అన్నడు. 1986 ఎండాకాలం. దవాఖానల డాక్టరు బల్ల ముందర నిలబడి చెప్పిండు. స్టూలు ఖాళీగనే ఉండె, కూసొమ్మని ఎవరూ అనలే. డాక్టరు నవ్విండు. అంగీ విప్పమనలే, అంగీ మీదికెల్లే వీపుకు రెండు తావుల గొట్టం ఆనిచ్చిండు. ఎక్స్‌రే ఎత్తి చూసిండు. టీబీ అని రాసిండు.

ఆ దవాఖాన పేరు ఇక్కడ రాస్తలేను. రాస్తే ఆ ఒక్క దవాఖాననే తప్పు చేసిందని మిగతాయన్నీ చేతులు కడుక్కుంటయి.

జాలి కోసం ఇది రాస్తలేను. జాలి మా వాడకు కొత్త గాదు, దానితోని ఎవరి దమ్మూ తగ్గలే. పెద్ద దవాఖానల్ల "అరుదైన కేసు" అనే మాట ఒకటున్నది. ఒక రోగి ఆయాసంతోని ఏండ్ల తరబడి తిరిగి తిరిగి, చివరికి ఎవరో ఒక పెద్ద డాక్టరు అసలు జబ్బు కనిపెడితే, దాన్ని మీటింగుల్ల చెప్పుకుంటరు, పత్రికలల్ల అచ్చేసుకుంటరు. ఆ మాటతోని నాకు పంచాయితి ఉన్నది. నేను ఇరవై తొమ్మిదేండ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసిన. వేలమంది గల్ల, నెత్తురు, ఉచ్చ చూసినోన్ని. అరుదు అని డాక్టర్లు అనే జబ్బులు ఎవరికి అరుదో, ఎవరికి కాదో అడిగే హక్కు నాకున్నదనుకుంట.

ముందు పిప్పి సంగతి చెప్పాలె, పట్నంల పుట్టినోళ్లకు తెల్వదు. 1931ల మంజీర మీద నిజాంసాగర్ కట్టుడు అయిపోయినంక మా బోధన్ దిక్కు కాలువ నీళ్లొచ్చినయి, చెరుకొచ్చింది. 1937ల శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిన్రు. ఆసియాలనే పెద్దదని ఒకప్పుడు గొప్పగ చెప్పుకునేటోళ్లు. 2002ల ప్రైవేటోళ్లకు అప్పజెప్పిన్రు, 2015 డిసెంబర్ల మూసిన్రు. దాని మీద ఉపన్యాసాలకు, పాదయాత్రలకు కొదువ లేదు. కాని ఆ చెరుకు నీడల బతికిన చిన్న చిన్న ఖండసారి మిల్లుల మీద, బెల్లం బట్టీల మీద, అండ్ల పిప్పి మోసినోళ్ల మీద మాట్లాడినోళ్లను నేను చూడలే. మా బాపు పనిచేసింది అసొంటి ఒక చిన్న మిల్లుల.

చెరుకు గానుగాడినంక మిగిలేది పిప్పి. కొంత పొయ్యికి పోతది. మిగిలింది రెండు మనుషుల ఎత్తు కుప్పలేస్తరు. వానకు తడుస్తది, లోపల్లోపల ఉడుకుతది. కుప్ప నడుమ చెయ్యి పెడితే సుర్రుమనేది. పులిసిన వాసన, తెల్లబూజు. ఎండాకాలం వచ్చినంక ఆ పాతకుప్పలు పలగ్గొట్టి అట్టల ఫ్యాక్టరీకి పోయే లారీలకెక్కించాలె. పార ఏసినప్పుడల్లా పొగలెక్క దుమ్ము లేస్తది. ముక్కుకు అడ్డం తువ్వాల ఒక్కటే. మా వాడకెల్లి పదకొండు మంది ఆ పనికి పోయేటోళ్లు. కాంటా కాడ, లెక్కల కాడ, ట్రాక్టరు మీద పెద్దకులపోళ్ల పిల్లలు. కుప్ప మీద మాదిగోళ్లు. ఎవరు కుప్ప ఎక్కాల్నో కులం చూసే తేల్చిన్రు. దవాఖానకొచ్చినంక మాత్రం మాకు కులం గిలం లేదు, రోగులందరూ ఒక్కటే అంటరు!

బాపు పొద్దుగూకినంక ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని నడుం వాల్చే యాళ్లకు చలిపెట్టేది. జరం, దగ్గు, దమ్ము. తెల్లారేసరికి కొంచెం నయం. మళ్ల కుప్ప. మా చెల్లె పెండ్లికి వారం దినాలు పని బందువెట్టిండు. ఆ వారం దమ్ము లేదు, దగ్గు లేదు. పెండ్లి రాత్రంత డప్పు కొట్టిండు, చూసినోళ్లందరూ మెచ్చుకున్నరు. పెండ్లయినంక కుప్ప ఎక్కిన రాత్రే మళ్ల ఒళ్లు కాలింది. సంతకం రాని మనిషి ఈ లెక్క తనకు తనే కట్టుకున్నడు. ఏ పని చేస్తే వస్తుంది, ఎన్ని గంటలకు వస్తుంది, ఎప్పుడు రాదు. ఆ లెక్కనే పోయి డాక్టరుకు చెప్పిండు.

అప్పుడు నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న. బాపు గల్ల మూడుసార్లు పరీక్ష చేసిన్రు. మూడుసార్లూ ఏమీ లేదని వచ్చింది. నమ్మకం కుదరక నేనే మా సార్‌ను బతిమాలి ఆ స్లైడ్లు మళ్ల చూసిన. ఎర్రరంగు పోసి, కింద మంట చూపి, ఆసిడ్‌తోని కడిగి, నీలం అద్దిన స్లైడ్లు. నీలం నడుమ టీబీ క్రిమి సన్నటి ఎర్రపుల్ల లెక్క కనబడుతది. ఒక్కో స్లైడుకు వంద ఫీల్డులు చూసిన. ఒక్క పుల్ల లేదు.

గల్లల క్రిమి కనబడకున్నా టీబీ ఉండొచ్చు, అది నిజమే. బాపు గల్లల అప్పుడప్పుడు నెత్తురు చార పడేది, ఎక్స్‌రేల మచ్చలుండె. మా వాడల టీబీ లేదని నేనంటలేను, ఇంటికొకరున్నరు. టీబీ అనుమానం వచ్చుడు తప్పు కాదు. రోగి నోటితోని చెప్పిన మాటను విని, ఆ పిప్పేంది, ఆ కుప్పేంది అని ఇంకొక్క మాట అడగకపోవుడు తప్పు.

రెండు నెలలు దవాఖానలనే పెట్టుకొని స్ట్రెప్టోమైసిన్ సూదులిచ్చిన్రు. దమ్ము తగ్గింది, జరం పోయింది. "చూసినవా, మందు ఎట్ల పనిచేస్తున్నదో" అన్నడు డాక్టరు రౌండ్లకొచ్చి. మంచం మీద పండుకున్నోనికి పిప్పి దుమ్మెక్కడిది? దుమ్ము లేక తగ్గినదాన్ని మందు ఖాతాల రాసుకున్నరు. ఆ తగ్గుడే టీబీకి రుజువై కూసున్నది. ఇంత సుళువుగ తప్పు నిజమయ్యే తావు ఇంకోటి ఉంటదా!

ఇంటికొచ్చినంక బాపు మళ్ల కుప్ప ఎక్కిండు. ఎక్కక ఏం జేస్తడు, మిల్లు సేటు కాడ పెండ్లికి తెచ్చిన అప్పున్నది. మళ్ల జరం, మళ్ల దవాఖాన. ఈసారి డాక్టరు నవ్వలే, తిట్టిండు. మందులు సక్కగ మింగలేదట. తాగుబోతులకు ఎన్నిసార్లు చెప్పినా అంతేనట. మా అవ్వ గోలీలకు చింతగింజలు లెక్కబెట్టి కుండల ఏసేది, ఒక్క పూట తప్పలే. అవ్వ చింతగింజల లెక్క కేసు షీటుకెక్కదు. "మందులు సరిగా వాడలేదు" అన్నది ఎక్కింది. మళ్ల సూదులు. ఆ సూది చెవి నరాన్ని తింటదని ఫార్మకాలజీ పుస్తకాలల్ల ఉన్నదే. మొదలు చెవుల్ల హోరన్నడు, నడిస్తే తూలిండు. తాగినవా అని అప్పుడు కూడ అడిగిన్రు. తర్వాత ఏమీ వినబడలే. డప్పు కొట్టేటోనికి చెవులు పోయినయి. 1994ల పోయేదాక సైగలే.

1991ల నేను డ్యూటీల ఉన్నప్పుడు ట్రెయినింగ్‌కొచ్చిన పిల్ల డాక్టరు ఒకాయన ల్యాబుల పుస్తకం మరిచిపోయిండు. పార్కు పుస్తకం. ఎంబీబీఎస్ చదివేటోళ్లందరూ చదివేది, ప్రజారోగ్యం మీద రాసింది. పేజీలు తిప్పుతుంటే పనివాళ్ల జబ్బుల కాడ ఒక చిన్న పేరా కనబడ్డది. బగాసోసిస్. చెరుకు పిప్పి దుమ్ము పీల్చుటవల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. ఆయాసం, దగ్గు, గల్లల నెత్తురు, కొంచెం జరం, ఎక్స్‌రేల మచ్చలు. మన దేశంల 1955ల కలకత్తా దగ్గర ఒక అట్టల ఫ్యాక్టరీల గంగూలీ, పాల్ అనేటోళ్లు మొదటిసారి చెప్పిన్రు. అంతకు ముందే 1941ల అమెరికాల లూసియానా రాష్ట్రంల డాక్టర్లు రాసిన్రు. వేడిల పెరిగే ఒక సూక్ష్మజీవి ఉడికిన పాతపిప్పిల పుడతదట. దానికి చెరుకు పేరు కలిపి థర్మోఆక్టినోమైసిస్ సకారి అని పేరు పెట్టిన్రు. కుప్ప నడుమ సుర్రుమన్న చెయ్యి యాదికొచ్చింది నాకు. చేయాల్సిన మొదటి వైద్యం, మనిషిని ఆ దుమ్ముకెల్లి తప్పించుడు. నిలబడి చదివినోన్ని కూసున్న.

ఒక పెద్ద డాక్టరుకు ఆ పేజీ తీసి చూపిన. "అది చాలా అరుదు. నీ స్లైడ్లు నువ్వు చూసుకో" అన్నడు. అదే పేరా ఆయన పరీక్షల రెండు మార్కులకు రాసి పాసై ఉంటడు.

బాపుది బగాసోసిసే అని నేను రుజువు చేయలేను. నేను డాక్టర్ను కాను, సరైన పరీక్షలు ఎవరూ చేయలే. నా తకరారు అది కాదు. 1955 నుంచి దేశంల తెలిసిన జబ్బు, పుస్తకంల ఉన్న జబ్బు. 1923 నాటి పనివాళ్ల నష్టపరిహారం చట్టంల మూడో షెడ్యూలుల కూడ దాని పేరు ఎక్కి ఉండె, మా బాపు మంచాన పడ్డ నాడు కూడ. పార్లమెంటుకు తెలిసింది, పరీక్ష పేపరు దిద్దేటోళ్లకు తెలిసింది, చెరుకు బెల్టుల కూసున్న డాక్టరుకు అనుమానం కూడ రాలే. తెలిసినా నష్టపరిహారం అడగాలంటే మస్టరుల పేరుండాలె. మా పదకొండు మంది పేర్లు సేటు అప్పుల పుస్తకంల తప్ప ఏ మస్టరుల లేవు.

ఎక్కువమందికి వచ్చే జబ్బును ముందు అనుమానించాలె అని డాక్టర్లకు నేర్పుతరు. మంచి మాటే. ఎక్కువమంది అంటే ఎక్కడి ఎక్కువమంది? పిప్పి కుప్ప మీద పదకొండు మంది ఎక్కితే ఆరుగురికి రాత్రి జరమొచ్చేది. పట్నం లెక్కల అది అరుదు. మా వాడ లెక్కల సగం కంటే ఎక్కువ. కొలిచే తావును బట్టి అరుదు మారుతది. కొలిచేటోడు మా తావుకు ఎన్నడు వచ్చిండని!

చెరుకు కోసేటోళ్ల సంగతే చూడుండ్రి. తోటల ఎలుకలుంటయి, ఎలుక ఉచ్చ నీళ్లల్ల పడుతది, ఆకులు కోసిన చేతుల గీరలకెల్లి, పగిలిన కాళ్లకెల్లి క్రిమి లోపలికి పోతది. జరం, పిక్కల నొప్పులు, ఎర్రకండ్లు, ముదిరితే పసిరికలు. లెప్టోస్పైరోసిస్, దాని ముదిరిన రూపానికి వీల్స్ జబ్బు అని పేరు. మా దిక్కు పసిరికలంటే పసరు పోయించుడు, చేతికి వాత పెట్టించుడు. దవాఖానకు పోతే కల్లు తాగి లివర్ పాడైందంటరు. ఆస్ట్రేలియాల క్వీన్స్‌లాండ్ చెరుకు కూలీలు 1934, 1935లల ఈ జబ్బు మీదనే సమ్మె కట్టిన్రు. ఎలుకలు పారిపోయేటట్టు తోటకు నిప్పు పెట్టినంకనే కోస్తమన్నరు. ఒక జబ్బు పేరు పట్టుకొని సమ్మె! పేరు తెలిస్తే సమ్మె చేయొచ్చు. పేరు లేకుంటే తలరాత అంటరు. మనకు జబ్బు పేరు తెల్వకపోవుడు ఎవరికి లాభమో యూనియన్ల పనిచేసే తమ్ముళ్లు ఆలోచించాలె.

అడిగితే ఏమైతదో కూడ మన తెలంగాణలనే చూసినం. మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలిన తావుల తోలు నల్లబడి పొలుసులు లేచుడు, విరేచనాలు, మతి చలించుడు. పెల్లాగ్రా అంటరు. మక్కలు తినేటోళ్ల జబ్బని పుస్తకాలల్ల ఉండె. ఇక్కడి పేదలు మక్కలు తినలే, జొన్నలు తిన్నరు. హైదరాబాద్‌ల పోషకాహార పరిశోధనశాలల పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960ల లాన్సెట్ పత్రికల రాసిన్రు. జొన్నలు తినేటోళ్లకూ పెల్లాగ్రా వస్తుంది, జొన్నలల్ల లూసిన్ ఎక్కువుండుడు కారణమని వాదించిన్రు. ఆ కారణం మీద తర్వాత వేరేవాళ్లు తగువు పెట్టిన్రు, పెట్టనీ. "నువ్వేం తింటవ్" అని పేదోన్ని అడిగిన్రు, ఆ జవాబును పుస్తకం కంటే పెద్దగ చూసిన్రు. నాకు కావాల్సింది అదే.

అడగకపోవుడు వెనక ముట్టకపోవుడున్నది. బాబాసాహెబ్ అంబేద్కర్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"ల కాఠియావాడ్ టీచరు సంగతి చెప్పిండు, 1929ల యంగ్ ఇండియాల అచ్చయిన ఉత్తరం అది. బాలింత భార్యకు జబ్బు చేస్తే వచ్చిన డాక్టరు ఆమెను ముట్టలే. జరం చూసే గొట్టం ఒక ముస్లిం చేతికిచ్చిండు, ఆయన భర్తకిచ్చిండు, భర్త భార్యకు పెట్టిండు, అదే దారిల మళ్ల డాక్టరుకు పోయింది. దీపం వెలుగుల గొట్టం చూసి న్యుమోనియా అన్నడు. ఆమె బతకలే. నాడు మనిషికీ మనిషికీ నడుమ మూడు చేతులడ్డం. మా బాపు నాటికి అంగీ అడ్డం. మా నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిల ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ మిషనరీ డాక్టరమ్మ కుష్ఠు దవాఖాన కట్టి నడిపింది. కుష్ఠు కనిపెట్టాలంటే ముట్టక తప్పదు. మోచేతి కాడ నరం వేళ్లతోని తడిమి చూడాలె, తోలు మీద స్పర్శ ఉన్నదో లేదో చూడాలె. మిషనరీలు మా మతం మార్చిన్రని ఇవాళ లొల్లి చేసేటోళ్లున్నరు. మీ డాక్టరు అంగీ మీదికెల్లే చూసి పంపిన నాడు మీరెక్కడ పోయిన్రు?

ఇగ మెరిట్ సంగతి. 1990ల మండల్ రోజుల్ల, మళ్ల 2006ల ఢిల్లీ ఎయిమ్స్ కాడ, తెల్లకోటేసుకున్న మెడికల్ విద్యార్థులు రోడ్లు ఊడ్చి, చెప్పులకు పాలిష్ పెట్టి నిరసన చేసిన్రు. రిజర్వేషన్లొస్తే మాకు ఇవే పనులు గతి అని చూపించుడన్నట్టు. ఆ పనులు వాళ్లకు తమాషా, అవమానం. ఊడ్చేటోని ఊపిరితిత్తులల్ల ఏముంటది, తోలు శుద్ధి చేసేటోని చేతి మీద లేచిన నల్లపుండు ఆంత్రాక్స్ ఎందుకు కావొచ్చు, ఇవి వాళ్ల పరీక్షల ప్రశ్నలే. పనిని నీచమనుకునేటోనికి పనితోని వచ్చే జబ్బు ఎట్ల కనబడుతది? 1700 సంవత్సరంల ఇటలీ డాక్టరు రమజ్జిని పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం రాసి, పాతకాలపు వైద్యులు రోగిని అడగమన్న ప్రశ్నలకు ఇంకోటి కలుపుమన్నడు: నువ్వేం పని చేస్తవు? మూడు వందల ఏండ్లు దాటింది. మా కేసు షీటు మీద దానికి ఒక గడి ఉన్నది, గడి నిండ ఒకటే మాట. కూలి.

కూలి అంటే ఏం కూలి? నాట్లా, కోతలా, పిప్పా, సున్నం బట్టీనా, రాళ్లు కొట్టుడా, గోతం దులుపుడా? మా అవ్వ నలభై ఏండ్లు బీడీలు చుట్టింది. నిజామాబాద్ జిల్లాల ఏ ఊరికి పోయినా ఆడోళ్ల ఒళ్లె తంబాకు చాట కనబడుతది. దగ్గుతోని పోతే ఆమె చీటీ మీద రాసింది గృహిణి.

నా లెక్క కూడ చెప్పాలె. ఆనాడు ఓపీ చీటీ మీద బాపు వృత్తి గడి నింపింది నేనే. వ్యవసాయం అని రాసిన. గుంట భూమి లేనోనికి వ్యవసాయం! నాతో కోర్సు చదివే పిల్లలు అక్కడ తిరుగుతున్నరు, బాపు తలల పిప్పి పీసులున్నయి, నాకు సిగ్గైంది. కౌంటర్ల కూసున్న గుమస్తా బాపును కింద మీద చూసి, నేను రాసింది కొట్టేసి కూలి అని దిద్దిండు. నేను అబద్ధం రాసిన, ఆయన అర్ధం నిజం రాసిండు. డాక్టరు నవ్వినప్పుడు బాపు ఇంకేదో చెప్పబోయిండు. "ఊకో బాపు, సారుకు తెలుసు" అన్న. డాక్టరు ఒక్కడే ఆయన నోరు మూపియ్యలే.

2013 నుంచి నిజామాబాద్‌ల మెడికల్ కాలేజీ నడుస్తున్నది. మన వాడల పిల్లలు అండ్ల చదివి డాక్టర్లయితున్నరు. తమ్ముడూ, చెల్లే, మీ అవ్వ అయ్య ఏం పని చేసిన్రో మీకు తెలుసు, పుస్తకం చెప్పనక్కర లేదు. సిగ్గుపడి ఆ గడిని కూలి అని వదిలిపెట్టకుండ్రి. ఏ నెల నుంచి ఏ నెల దాక ఏం పట్టుకుంటవు, దుమ్మా నీళ్లా పశువా, ఏ యాళ్లకు జోరైతది, పని బందువెడితే తగ్గుతదా, నీతోటి పనోళ్లల్ల ఇంకెవరికన్న ఉన్నదా అని అడగుండ్రి. ఐదు నిమిషాల పని. మీ ప్రొఫెసర్లు టైం వేస్టంటరు, అననీ. 1991 తర్వాత నేను నా ల్యాబుకొచ్చే గల్ల చీటీల వెనక పెన్సిల్‌తోని పని పేరు రాసుడు మొదలుపెట్టిన. బీడీ, పిప్పి, రాళ్ల క్వారీ, పసుపు ఉడకబెట్టుడు. ఒక డాక్టరు మెమో ఇస్తనని బెదిరించిండు. ఇద్దరు డాక్టర్లు మాత్రం చీటీ తిప్పి చదివేటోళ్లు.

మా వాడకెల్లి పిప్పి కుప్ప ఎక్కిన పదకొండు మందిల ఏడుగురు పోయిన్రు. ఐదుగురి కాగితాలల్ల టీబీ అనే ఉన్నది. నలుగురు బతికున్నరు, ఒకాయనకు వాకిలి కాడికెల్లి బాయి దాక నడిస్తే దమ్మొస్తది. వాళ్లకు మంచి ఎక్స్‌రే తీసి, ఊపిరి కొలిచి, వాళ్లు చెప్పేది కూసోబెట్టి వినే డాక్టరు ఎవరన్న ఉంటే కబురు పంపుండ్రి. నలుగురినీ నేనే తోలుకొస్త.